గొళ్ళెం పైన బిగించిన ఇల్లు

ప్రశ్న: నమస్కారమండీ. మాది గాజువాక. నాకు 28 ఏళ్ళు, ఆటోనగర్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. తమ్ముడికి 23. ఆటిజం, దాంతోపాటు మేధోవైకల్యం. పదో పన్నెండో మాటలు పలుకుతాడు. నాన్న స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యారు. అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. రాత్రిళ్ళు వాడు నిద్రపోకపోతే పక్కన కూచునే వంతు నాది. ఏడాదిగా రెండు గ్రూపుల్లో ఉన్నాను. ఒకటి ఫేస్‌బుక్‌లో ఇంగ్లీషులో నడిచేది, నాలాంటి అక్కచెల్లెళ్ళూ అన్నదమ్ములూ దేశదేశాల నించి ఉంటారు. రెండోది వాట్సాప్‌లో, మన తెలుగువాళ్ళది. ఈమధ్య ఒక రాత్రి ఒంటిగంటప్పుడు వాడు గోడకి తల కొట్టుకుంటుంటే ఆపలేక అలిసిపోయి, "వాడు పుట్టకపోయుంటే నా బతుకు ఎలా ఉండేదో" అని ఇంగ్లీషు గ్రూపులో రాసేశాను. తెల్లారేసరికి "నాకూ అలాగే అనిపిస్తుంది" అని ఎంతోమంది. ఒకావిడ మాత్రం నువ్వు స్వార్థపరురాలివి అంది. అదే తెలుగులో రాసి, వాడి ఫొటోతో సహా వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. అది అమ్మ కంటపడింది. "నీ తమ్ముణ్ణి ఊరంతా పంచిపెట్టేసావేటే?" అంది, నాలుగు రోజులు మాట్లాడలేదు. నాకు సంబంధాలు చూస్తున్నారు, అవతలివాళ్ళకి తెలిస్తే ఏమౌతుందోనని కూడా ఆవిడ భయం. గ్రూపుల్లోంచి వచ్చెయ్యమంటారా? అసలు అలాంటి మాట అనుకున్నదాన్ని, నేనేం అక్కని?
— ఒక అక్క, గాజువాక

జవాబు: మీ ఇంట్లో వీధి తలుపు గొళ్ళెం ఎక్కడుంది? చెయ్యి అందే చోటా, లేకపోతే తలుపు పైఅంచున, ఎవరో పెద్దవాళ్ళు వచ్చి తీస్తే తప్ప రాని చోటా? మీ తమ్ముడికి ఇరవై మూడు కాబట్టి ఇప్పుడు తాళమే అయ్యుంటుంది. చిన్నప్పుడు మాత్రం పైనే ఉండుంటుందని నా అనుమానం.

మా ఇంట్లో పైనే. కంచరపాలెంలో ఉండేవాళ్ళం. మా అన్నయ్యకి మూర్ఛలు, బుద్ధి ఎదగలేదు. అప్పట్లో చదువుకున్నవాళ్ళు కూడా వాడే మాట ఒకటుంది, అది ఇక్కడ రాయను. తలుపు తీసుంటే చాలు, రైలు పట్టాల వైపు పోయేవాడు. నాన్న గొళ్ళెం పీకించి పైన కొట్టించారు. అన్నయ్యకి అందకూడదని పెట్టిన గొళ్ళెం నాకూ అందేది కాదు. నేను బడికెళ్ళాలన్నా, ఆడుకోడానికి పోవాలన్నా ఎవరో ఒకరు లేచి రావాలి.

నెలకోసారి మందుల కోసం కేజీహెచ్‌కి, అంటే వైజాగ్ పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళం. ఓపీ బయట పొడుగాటి బల్ల ఉండేది. ఒకరోజు నా పక్కన, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకున్న పిల్ల వచ్చి కూచుంది. చెల్లెల్ని చూపించడానికి అనకాపల్లి నించి వచ్చారు. కాసేపు నన్నూ అన్నయ్యనీ మార్చి మార్చి చూసి, నా చెవి దగ్గరికి వచ్చి అడిగింది: "మీ ఇంట్లో కూడా గొళ్ళెం పైనేనా?"

నాకు తొమ్మిదేళ్ళు. ఆ గొళ్ళెం సంగతి మా క్లాసులో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు, ఎలా అడుగుతారు? అరగంట మాట్లాడుకున్నాం. వాళ్ళింట్లో ఉప్పు డబ్బా కూడా అటక మీదేనట. తన పెన్సిళ్ళన్నీ చెల్లెలు కొరికేస్తుందట, కోప్పడితే "దానికి తెలీదు కదమ్మా" అంటారట. "నాకు తెలుసు గనక అన్నిటికీ నేనే ఊరుకోవాలంట" అంది. ఆ పిల్లని మళ్ళీ చూడలేదు, పేరైనా అడగలేదు. ఆ రాత్రి మాత్రం కమ్మటి నిద్ర పట్టింది.

మీ గ్రూపులు ఆ బల్లే. బల్ల పొడుగు పెరిగింది, ఒక కొస గాజువాకలో ఉంటే రెండో కొస అమెరికాలో, సియాటిల్‌లో ఉంది. సియాటిల్ అని ఊరికే అనలేదు. డాన్ మేయర్ అనే ఆయన 1990లో సిబ్లింగ్ సపోర్ట్ ప్రాజెక్ట్ అని, తోబుట్టువులకి ఆసరాగా పెట్టింది అక్కడే. అంతకుముందు నించే ఆయన సిబ్‌షాప్స్ అని, ఇలాంటి ఇళ్ళలోని చిన్నపిల్లల్ని ఒకచోట చేర్చేవారు. హితబోధల క్లాసు కాదది. ఆటలు, తిండి, మధ్యలో మాటలు. పెద్దయినవాళ్ళ కోసం సిబ్‌నెట్ అని ఇంటర్నెట్‌లో గుంపు నడిపారు. బ్రిటన్‌లో 2001లో సిబ్స్ అనే సంస్థ వచ్చింది. వీళ్ళందరికీ తట్టిన విషయం ఒక్కటే. బిడ్డకి థెరపీ ఉంటుంది, అమ్మానాన్నలకి తోటి అమ్మానాన్నలుంటారు, ఆ వెనక గుమ్మం దగ్గర నిలబడ్డ అక్కనో తమ్ముణ్ణో మాత్రం ఎవరూ పలకరించరు. లెక్క చూస్తే అందరికంటే ఎక్కువకాలం కలిసుండేది వాళ్ళే. మీ తమ్ముడితో అమ్మానాన్నలు గడిపేది నలభై ఏళ్ళనుకుంటే, మీరు గడిపేది అరవై.

కాబట్టి గ్రూపుల్లోంచి రానక్కర్లేదు.

ఇక ఆ వాక్యం. నేను నాలుగుసార్లు చదివాను. వాడు ఉండకూడదని మీరు రాయలేదు. వాడు పుట్టకపోయుంటే నా బతుకు ఎలా ఉండేదో అన్నారు. అది మీ బతుకు గురించి మీరు వేసుకున్న ప్రశ్న. ఒంటిగంటకి, తల గోడకి కొట్టుకునే మనిషిని రెండు చేతుల్తో పట్టుకుని ఆపినదానికి ఆ ప్రశ్న రాకపోతేనే నేను ఆశ్చర్యపోతాను. మిమ్మల్ని స్వార్థపరురాలన్నావిడ ఆ గ్రూపులో ఎందుకుందో నాకు తెలీదు. ఆవిడకీ ఏదో ఒక రాత్రి అదే మాట వచ్చి, నోట్లోనే నొక్కేసుకుని ఉండొచ్చు. పట్టించుకోకండి.

ఆ తల కొట్టుకోవడం సంగతి మాత్రం పట్టించుకోండి. కొత్తగా మొదలైందా, ఈమధ్య ఎక్కువైందా మీరు రాయలేదు. మాటలు లేని మనిషి నొప్పిని గోడకే చెప్పుకుంటాడు. పిప్పిపన్ను, చెవిపోటు, రోజుల తరబడి విరేచనం కాకపోవడం, మూర్ఛ, వీటిలో ఏదైనా కావచ్చు. "ఆటిజం కదా, అంతే" అని సరిపెట్టుకోకుండా ముందు పళ్ళూ చెవులూ చూపించండి. ఏ టైముకి కొట్టుకుంటున్నాడు, దానికి ముందు ఏం తిన్నాడు, ఎంత నిద్రపోయాడు అని పది రోజులు ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. అకౌంట్స్ చూసే చెయ్యి మీది, ఇది మీకు కష్టం కాదు.

అలిసిపోయి వచ్చే ఆలోచన వేరు, ముదిరే ఆలోచన వేరు. నన్ను నేను ఏమైనా చేసుకుంటానేమో, వాణ్ణి ఏమైనా చేస్తానేమో అన్నదాకా మనసు పోతే అది గ్రూపులో రాసి జవాబుల కోసం చూసే విషయం కాదు. మనసు బాగోనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416. రాత్రయినా పగలయినా ఎత్తుతారు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంతదాకా మీ పక్షం. ఇప్పుడు మీ అమ్మగారి పక్షం.

"నీ తమ్ముణ్ణి ఊరంతా పంచిపెట్టేసావేటే" అన్న మాటలో ఆవిడ సగం కరెక్టు. మీ అలసట, మీ కోపం, మీకు తీరని ముచ్చట్లు మీ సొత్తు. ఎవరికి చెప్పుకున్నా అడిగే హక్కు ఎవరికీ లేదు, అమ్మకి కూడా. వాడి మొహం, వాడి పేరు, వాడు మింగే మాత్రలు, వాడి స్నానం, వాడి దొడ్డి, వాడు గోడకి తల బాదుకునే క్షణం మాత్రం మీవి కావు. వాటిని పంచే ముందు అడగాల్సింది వాణ్ణి. పన్నెండు మాటలున్నవాడు కాదనలేడు కాబట్టి అడక్కుండా పెట్టేశాం. మనం అందరం అలాగే చేస్తాం, నేనూ చేశాను. మా అన్నయ్యకి మూర్ఛ వచ్చినప్పుడు ఎలా ఉంటాడో కాలేజీలో నాటకంలా చేసి చూపించేదాన్ని. నాకు సానుభూతి దక్కింది, వాడికేం దక్కలేదు.

మీ పోస్టులో మీ మాట ఒక్కటే ఉంటే నాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. పక్కన వాడి ఫొటో పెట్టేసరికి ఆ మాటకి వాడి మొహం అతుక్కుంది. ఇకమీదట ఆ గ్రూపులో వాళ్ళు మీ తమ్ముణ్ణి ఎక్కడైనా చూస్తే గుర్తొచ్చేది ఆ వాక్యమే.

అమ్మ సగమే కరెక్టు అన్నానే, రెండో సగం ఇది. "వాడు పుట్టకపోయుంటే" అని ఉంది కదా? వాణ్ణి కన్నది ఆవిడ. ఆ మాట మీరు మీ బతుకు గురించి రాశారు, ఆవిడ తన కడుపు గురించి చదువుకుంది. పరువు, సంబంధాలు అన్నీ ఆ తర్వాతే. ఇరవై మూడేళ్ళుగా "ఏం పాపం చేసిందో" అని పెళ్ళిళ్ళలోనూ పేరంటాల్లోనూ ఎంతమంది గుసగుసలాడారో ఆవిడకే తెలుసు. ఇప్పుడు అదే మాట కూతురి ఫోనులోంచి వినపడినట్టయింది. అందుకని పోస్టు గురించి వాదించకండి. "ఇది నా స్వేచ్ఛ" లాంటి మాటలు అసలొద్దు. వంటింట్లో, ఆవిడ చేతిలో ఏదో ఒక పని ఉన్నప్పుడు, మొహమొహాలు చూసుకోనక్కర్లేని టైములో ఇంత చెప్పండి: "ఫొటో పెట్టడం తప్పేనమ్మా. ఆ మాట నీ మీద కాదు. మీరిద్దరూ లేనప్పుడు వాణ్ణి ఎలా చూసుకోవాలో తెలీక భయమేసి రాశాను." ఆ భయం ఆవిడకీ ఉంది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దాన్నే మోస్తున్నారు. నాన్నగారు కూడా మోస్తుంటారు, ఆయన పేపరు చదువుతూ మోస్తారు.

ఫొటో సంగతి ఇవాళే తేల్చండి. వాట్సాప్‌లో అందరికీ పోయేలా చెరిపే గడువు రెండు రోజుల పైచిలుకు మాత్రమే. అది దాటిపోయుంటుంది. "నా పొరపాటు, దయచేసి ఎవరికి వారు ఆ ఫొటో తీసెయ్యండి" అని గ్రూపులోనే అడగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, అలాంటి గ్రూపులో ఈ మాట అందరికంటే బాగా అర్థమవుతుంది. వాట్సాప్ గ్రూపులో చేరితే మీ ఫోన్ నంబరు సభ్యులందరికీ కనబడుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. ఫేస్‌బుక్ గ్రూపుల్లో పేరు లేకుండా రాసే వీలు చాలాచోట్ల ఉంది, అయితే గ్రూపు నడిపేవాళ్ళకి మీరెవరో తెలుస్తుంది. మనసు విప్పాల్సినవి అక్కడ, ఊళ్ళో పనికొచ్చే సంగతులు ఇక్కడ అని పంచుకుంటే మేలని నాకనిపిస్తుంది. తెలుగు గ్రూపులో మీ పక్క వీధి మనిషి ఉండొచ్చు, మీకు చూస్తున్న సంబంధం వాళ్ళ పిన్నికూతురూ ఉండొచ్చు. మన వైజాగ్ పెద్ద ఊరే గానీ, ఎవర్ని కదిపినా రెండో మాటకి చుట్టరికం తేలుతుంది.

ఆ గ్రూపులో అమ్మానాన్నలు కూడా సభ్యులా? అలా అయితే అందులో మీరు నిజం రాయలేరు, రాయకూడదు కూడా. పెద్దలు వినే చోట పిల్లలు మంచి పిల్లల్లాగే మాట్లాడతారు. అక్కచెల్లెళ్ళకీ అన్నదమ్ములకీ మాత్రమే ఉన్న గ్రూపుని నడిపేవాళ్ళని పట్టుకోండి. ఇంకో సంగతి, పడుకునే ముందు అవి చదవకండి. పదిమంది కష్టాలు నెత్తిన పెట్టుకుని పడుకున్నాక, పదకొండోది పక్క గదిలోంచి వినపడితే ఎవరు లేస్తారు?

ఇలాంటి గ్రూపులన్నిటికీ ఈగల్లా వాలేవాళ్ళు ఉంటారు. మీరు రాయలేదు గానీ, వచ్చే ఉంటారు. "మా దగ్గర మూలకణాల (స్టెమ్ సెల్స్) చికిత్సతో మాటలొస్తాయి, నంబరు ఇవ్వండి మేడం" అంటారు. 2017 నాటి మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం మూలకణాలతో మామూలుగా చెయ్యదగ్గ చికిత్స కొన్ని రక్త సంబంధమైన జబ్బుల్లాంటి వాటికి రక్తమూలకణాల మార్పిడి ఒక్కటే. మిగిలినవన్నీ అనుమతి తీసుకుని చేసే పరిశోధనలే. పరిశోధనలో చేరినవాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకోకూడదు. లక్షలు అడిగారంటే అది పరిశోధన కాదు, వైద్యమూ కాదు. ఆశ మీద వ్యాపారం. అమ్మకి ఈ ముక్క ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే వాళ్ళు తర్వాత ఫోన్ చేసేది ఆవిడకే.

ఇంగ్లీషు గ్రూపులో ఇంకో చిక్కుంది. "మీ నాన్న పోకముందే స్పెషల్ నీడ్స్ ట్రస్టు పెట్టించు", "సోషల్ సెక్యూరిటీకి అప్లై చెయ్యి" అని ప్రేమగానే చెప్తారు. అవి అమెరికా కబుర్లు. మన దారి వేరు, అది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. అన్నయ్య పేరు మీద నాన్న వేసిన డిపాజిట్టు, నాన్న పోయాక విడిపించడానికి ఒక బ్యాంకు చుట్టూ ఏడు నెలలు తిరిగాను. "మీరు ఆయనకి ఏమవుతారు?" అంటే చెల్లెల్ని అన్నాను. "అది కాదమ్మా, కాగితం మీద ఏమవుతారు?" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. వాడి మీద అప్పుడు చాలా మండింది. నిజానికి వాడు అడిగింది సరైన ప్రశ్నే.

పద్దెనిమిది నిండాక అమ్మానాన్నలైనా సరే, చట్టం లెక్కలో వాళ్ళంతట వాళ్ళు సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. దాని కింద జిల్లాలో కలెక్టరు పెద్దగా ఒక స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు అందులో సభ్యులు. తల్లిదండ్రులు గానీ బంధువు గానీ అర్జీ పెట్టుకుంటే కమిటీ సంరక్షకుల్ని నియమిస్తుంది. అక్క కూడా సంరక్షకురాలు కావొచ్చు. ఉత్త పేరుకి కాదు, 6 నెలల్లో అతని ఆస్తి వివరాలు, ఆ తర్వాత ఏటేటా లెక్కలు అప్పగించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పరిమిత సంరక్షకత్వం అని ఇంకొకటుంది. దాంట్లో నిర్ణయం మీరొక్కరే తీసుకునేది కాదు. అతని ఇష్టం ఏమిటో కనుక్కుని, అతనితో కలిసి తీసుకునేది. ఫొటో గురించి నేను ఇందాక సణిగింది కూడా అదే.

మీరు సంరక్షకురాలు కావాలని నేను చెప్పడం లేదు. కానక్కర్లేదు కూడా. బాధ్యత ఎంతవరకు, ఏ పని ఎవరిది, డబ్బు ఎక్కణ్ణించి అన్నది అమ్మానాన్నలు బాగున్నప్పుడు, కాగితం మీద తేలాలి. నాన్నగారికి పీఎఫ్ పెన్షన్ వస్తుంటే, ఈపీఎస్-95 నియమాల్లో శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న సంతానానికి వయసు పరిమితి లేని పెన్షన్ ఉంది. తమ్ముడి పేరు ఆ రికార్డులో ఎక్కిందో లేదో ఈ వారమే చూడండి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో 1 లక్ష దాకా వైద్య ఖర్చులు వస్తాయి. వాడి ఖర్చులు మీ జీతంలోంచి పోతుంటే, ఇన్‌కమ్ టాక్సులో (1961 నాటి చట్టంలో 80డీడీ)  మీపై ఆధారపడ్డ తోబుట్టువుకి కూడా మినహాయింపు ఉంది: 75,000, వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళకే సుమా. అకౌంట్స్ మనిషికి చెప్తున్నాను, నవ్వుకోకండి.

ఏ సర్టిఫికెట్టు ఎక్కడ దొరికింది, ఏ కౌంటర్లో తిప్పి పంపారు, కమిటీ ఎప్పుడు కూచుంటుంది, ఇవీ తెలుగు గ్రూపులో అడగాల్సిన ప్రశ్నలు. ఇలాంటివాటికి వచ్చే జవాబులు చాలాసార్లు ఆఫీసులో దొరికేవాటి కంటే బాగుంటాయి.

పెళ్ళి సంగతి ఒక్క ముక్కలో తేలుస్తాను. దాచకండి. దాచిపెట్టి చేసిన పెళ్ళిళ్ళలో నేను భోంచేశాను. తాళి కట్టే టైముకి తమ్ముడు పక్కింట్లో, ఎవరో పనిమనిషి కాపలాలో ఉంటాడు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు వాణ్ణి కూడా హాల్లో కూచోబెట్టండి, వాడికి ఇష్టమైతేనే. లేచి వెళ్ళిపోయేవాళ్ళు అప్పుడే వెళ్ళిపోతారు, మీకు కాఫీ పొడి ఖర్చు.

కమిటీకి అర్జీ పెట్టాలని ఇంట్లో అనుకుంటే కలెక్టరేట్ మహారాణిపేటలో. గాజువాక విశాఖ జిల్లాలోనే ఉంది గనక మీకు ఇక్కడే. 2022లో జిల్లాలు విడిపోయాక అనకాపల్లి వాళ్ళకి అక్కడే. వెళ్ళేరోజు తమ్ముణ్ణీ తీసుకెళ్ళండి, అమ్మ రాగలిగితే ఆవిణ్ణి కూడా. పని ఎంతసేపటికి తెములుతుందో చెప్పలేం గానీ, అక్కణ్ణించి బీచ్ దగ్గరే. ఎండ తగ్గాక అటు తిప్పి ఇంటికి తీసుకెళ్ళండి. వాడి పదీ పన్నెండు మాటల్లో "సముద్రం" ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే నాకు రాయండి.